కండక్టరుగారి ఉపవాసం

"మూడులోగా అంది డాక్టరమ్మ. నా చెవులతో నేనే విన్నా," అంటూ విజయవాడ ఆస్పత్రి వరండాలో పుల్లమ్మ చతికిలబడిన దగ్గర కదా పోయిన వారం కథ ఆగింది.

మూడు అంటే ఏమిటి? రోజులా, వారాలా, నెలలా? రోగి కృపారావు. అతని భార్య మహిమ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటోంది. ఆమె ఇంకా లెక్క తేల్చుకోకముందే పుల్లమ్మ ఏడుపు అందుకుంది. పుల్లమ్మ కృపారావుకి మేనత్త, తల్లి లేని పిల్లాణ్ణి చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఆవిడ జగ్గయ్యపేటలో ఏడిస్తే నందిగామలో ఓదారుస్తారు. అలాంటిది ఆస్పత్రిలోనే ఏడ్చేసరికి మూడు అంతస్తుల జనమూ వరండాలోకి దిగారు. వాళ్ళతోపాటు డాక్టరమ్మా దిగింది.

సంగతి విన్నాక ఆవిడకి నవ్వాగలేదు. "మూడులోగా కాదు మామ్మగారూ. ఆయనకి మూడ్ లోగా ఉంది అన్నా. అంటే మనసు బాగాలేదు, దిగులుగా ఉన్నాడని. స్కానులో గడ్డ జాడ కూడా లేదు. గొంతుకి కరెంటు పెట్టడం, అదే రేడియేషను, అయిపోయింది, సెలైన్లు అయిపోయాయి. ఇక ఆయన తినాలి, తేరుకోవాలి. బరువు ఇంకా తగ్గితే మాత్రం ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సొస్తుంది. మళ్ళీ రెండు వారాలకి సోమవారం చూస్తా."

పుల్లమ్మ కళ్ళు తుడుచుకుని, "ఓస్, మనసేనా," అంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడు కాదని తెలిసిన సంబరంలో మూడ్ సంగతి ఆ వరండాలోనే వదిలేసి బస్సెక్కారు. కృపారావు మాత్రం దాన్ని వదల్లేకపోయాడు. అది అతని పక్క సీట్లో టికెట్టు లేకుండా కూర్చుంది. చిల్లకల్లులో దిగలేదు, జగ్గయ్యపేట బస్టాండులో దిగలేదు. అతనితోపాటు ఇంట్లోకొచ్చి మంచమెక్కింది.

కృపారావుది జగ్గయ్యపేట డిపో. "చిల్లకల్లు, చిల్లకల్లు" అని అతను కేకేస్తే హైదరాబాదు దాకా టికెట్టు కొన్నవాడు కూడా ఉలిక్కిపడి దిగిపోయేవాడు. సరిగ్గా ఆ గొంతులోనే గడ్డ లేచింది. రేడియేషనుతో గడ్డ పోయింది, దాంతోపాటు గొంతులోని రేడియో కూడా కట్టేసినట్టయింది. ఇప్పుడు అతను మాట్లాడితే పాత చాపని ఈడ్చిన చప్పుడు. ఒంటి సంగతి చెప్పనక్కర్లేదు. కండక్టరులో కండంతా కరిగిపోయి ఉత్త 'క్టరు' మిగిలింది. దాన్ని పలకడమూ కష్టమే, చూడటమూ కష్టమే.

ఒకప్పుడు నందిగామ బస్టాండులో బస్సాగిన కాసేపట్లో పెసరట్టూ, దాని మీద ఉప్మా, ఆ పైన పునుగులూ లాగించి, రైట్ చెప్పే టైముకి మూతి తుడుచుకుని ఫుట్‌బోర్డు మీదుండేవాడు. ఇప్పుడు నోట్లో ఉమ్మే ఊరదు. ఇడ్లీ పెట్టుకుంటే బోర్డు తుడిచే డస్టరు నమిలినట్టుంటుంది. ఉప్మాలో ఉప్పు ఎటో పోయి ఒట్టి 'మా' తగులుతుంది. పాలు తాగితే ఇనుపరజను. నాలుకకి రుచి పోయింది, మెల్లిగా మనిషికి అభిరుచి కూడా పోయింది. రాగిజావ తాగి లేవాల్సినవాడు తానే జావగారిపోయాడు. ఇంట్లో కృప ఉంది, మహిమ ఉంది, లేనిదల్లా ఆకలి.

అదిగో, అలాంటి సమయంలో శ్రమల దినాలు వచ్చాయి. శుభ శుక్రవారానికి ముందు నలభై రోజులు. ఊళ్ళో విశ్వాసులందరూ పొద్దుట్నించి ఉపవాసముండి, సాయంత్రం కూడికలో ప్రార్థన చేసుకుని విడుస్తారు. మొదటి రోజు పొద్దున్నే మహిమ జావ గిన్నెతో వచ్చి ఎదురుగా కూర్చోబోతుంటే కృపారావు చెయ్యి అడ్డంపెట్టాడు.

"తీర్మానం చేసుకున్నా," అన్నాడు.

ఆ మాట మామూలు మాట కాదు. సంఘంలో ఎవరైనా దేవుడి దగ్గర తీర్మానం చేసుకున్నా అన్నారంటే దాన్ని చెరపడానికి కన్నవాళ్ళు కూడా జంకుతారు. మహిమ పాస్టరు ఇశ్రాయేలుగారికి ఫోను చేసి అడిగింది. జబ్బు మనిషిని దేవుడు ఉపవాసం అడగడమ్మా, వద్దని చెప్పు అన్నారాయన. చెప్పింది. కృపారావు తల అడ్డంగా ఊపాడు. ఇక ఆమె గిన్నె లోపల పెట్టేసి, చిల్లకల్లు బడికి వెళ్ళిపోయింది. అక్కడ ఆమె టీచరు. నా భర్త విశ్వాసం ఎంత గొప్పదో అని దారి పొడుగునా కళ్ళు ఒత్తుకుంది.

సాయంత్రం విడిచేటప్పుడు అతను నాలుగు చెంచాలు తాగి, పొద్దుట్నించి ఖాళీగా ఉంది కదా, కడుపు ముడుచుకుపోయింది అనేవాడు. అందరూ నమ్మారు. సంఘానికంతటికీ అవి శ్రమల దినాలు, కృపారావుకి శ్రమ తప్పిన దినాలు. తినలేకపోవడానికి ఇన్నాళ్ళకి ఒక మర్యాదైన పేరు దొరికింది.

ఆ మర్యాద శుక్రవారం మధ్యాహ్నం పిట్టగోడ దగ్గర ఊడింది.

పక్కింటి జహనారా బట్టలు కుడుతుంది. భర్త నాసర్‌ది ఆటో. ఈ ఏడు రంజాను, శ్రమల దినాలు కలిసే రావడంతో గోడకి ఇవతల ఉపవాసం, అవతల రోజా. ఆమె మెళ్ళో టేపు తియ్యకుండానే గోడ మీద మోచేతులానించి నిలబడింది.

"అన్నయ్యా, మా కోళ్ళకి మీరేం అలవాటు చేశారు?"

"నేనేం చేస్తానమ్మా." కృపారావు కుర్చీలో సర్దుకున్నాడు.

"మీ కిటికీ కింద లైను కట్టి నిలబడుతున్నాయి. బస్సు లేటయినట్టు మొహాలు పెట్టుకుని. నేను నూకలు చల్లితే వెనక్కి తిరిగి కూడా చూడట్లా."

"కోళ్ళు కదమ్మా, ఎక్కడో చోట నిలబడతాయి."

"పోయిన నెల మా పుంజు ముక్కుకి ఉడకబెట్టిన గుడ్డు అంటుకునుంది. దాని మీద మిరియప్పొడి. మా ఇంట్లో మేం కోళ్ళకి మిరియం చల్లం అన్నయ్యా. వదిన మీకు చల్లి పెడుతుంది. గుడ్లు పెట్టే జాతి చేత గుడ్లు తినిపించారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు."

"అది అప్పుడు," అన్నాడు కృపారావు. "ఇప్పుడు ఉపవాసం కదా. ఇక వాటికేం వెయ్యట్లా."

"అదే అడగటానికొచ్చా. రోజా ఉన్నవాళ్ళని పుట్టినప్పట్నించి చూస్తున్నా. నాలుగు దాటితే మా ఆయన ఆటో తోలుతూ కూడా టైము చూస్తాడు. నేను మిషను తొక్కుతూ చూస్తా. ఆకలైనవాడికి సాయంత్రం మీద ఆశుంటుంది. మీరు ఒక్కరోజన్నా టైమెంతయిందని అడిగారా? పొద్దు వాలే కొద్దీ మీ మొహం మాడిపోతుంది. ఉపవాసం విడవాలంటే బెదిరిపోయే మనిషిని మిమ్మల్నే చూసా."

గోడ కింద పెట్టలు గొణుక్కుంటున్నాయి. కృపారావు వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు. ఉపవాసం అంటే దేవుడికి దగ్గరగా వాసముండటం అని ఇశ్రాయేలుగారు ఎప్పుడూ చెబుతారు. తను ఇన్ని రోజులుగా కాపురముంటున్నది అబద్ధం పక్కన. ఇరుగుపొరుగు ఆ కాపురం కనిపెట్టేసింది.

"మింగలేనమ్మా," అన్నాడు.

జహనారా గోడకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"గొంతులో దిగేటప్పుడు గాజు పెంకుతో గీసినట్టుంటుంది. అదొక్కటే అయితే ఓర్చుకుందును. నందిగామలో మా బంధువులమ్మాయి పెళ్ళి ప్రధానానికి వెళ్ళాం చూడు, ఆ రోజు నలుగురితోపాటు కూర్చుని పెరుగన్నం ముద్ద పెట్టుకున్నా. అడ్డం పడింది. ఊపిరాడలా. ముక్కులోంచి వచ్చింది. బంతిలో వాళ్ళంతా చేతులు ఆపేసి నన్నే చూస్తున్నారు. ఎదురుగా కూర్చున్న చిన్నపిల్ల ఏడ్చింది. అప్పట్నించి ఎవరన్నా చూస్తుంటే నీళ్ళు కూడా దిగట్లా."

"వదినకి చెప్పొచ్చుగా."

"ఏం చెప్పను? గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది. నేను చెంచా ఎత్తగానే నాకంటే ముందు తను నోరు తెరుస్తుంది. తెలియకుండానే. పసిపిల్లలకి పెట్టేటప్పుడు తల్లులు తెరుస్తారు చూడు, అట్లా. నేను చెంచా దించేస్తే ఆ నోరు మెల్లిగా మూసుకుంటుంది. నేను దాన్ని చూడలేనమ్మా. దానికంటే కోళ్ళు నయం."

జహనారా కొంగు చివర్ని మెడలోని టేపుతోపాటు వేలికి చుట్టుకుంది. కృపారావుకి ఎందుకో ఆగాలనిపించలేదు. ఒకసారి డోరు తెరుచుకున్నాక లోపలి జనమంతా దిగాల్సిందే.

"ఇంకోటుంది. తిని లేచి ఏం చెయ్యాలి అనిపిస్తుంది. పొద్దున కళ్ళు తెరిస్తే మళ్ళీ తెల్లారిందా అనిపిస్తుంది. జబ్బు పోయింది, సంతోషించు అంటారందరూ. అది పోయిందిగాని పోతూపోతూ నన్ను కూడా కొంచెం తీసుకుపోయింది. ఈ మాట ఎవరితోనూ అనలా."

"అనాల్సింది కూడా నాతో కాదన్నయ్యా." ఆమె గొంతు తగ్గింది. "నాకు చాతనైంది జావ కాచివ్వడం. ఆ దిగులు సంగతి వదినకి తెలియాలి, సోమవారం డాక్టరుకి తెలియాలి. మా దాంట్లో జబ్బు మనిషికి రోజా మాఫీ. మీ దాంట్లోనూ మాఫీయేగా?"

"మాఫీయే. పాస్టరు అయ్యగారూ చెప్పారు."

"దేవుడు మాఫీ చేసినా మీరు చేసుకోట్లా. ఇవాళ వదినకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"కూడిక నుంచి రాగానే చెబుతా."

"నేను ఈ గోడ దగ్గరే ఉంటా," అంది జహనారా, మిషను దగ్గరికి వెళుతూ.

మందిరంలో ఆ సాయంత్రం చాపలు చాలలేదు. శుక్రవారం కావడంతో చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. కృపారావు మగవాళ్ళ వరసలో వెనకగా, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అవతలి వరసలో మహిమ, ఆమె పక్కన పుల్లమ్మ. మహిమకి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని అతను లోలోపల కూడబలుక్కుంటున్నాడు. ఏ వాక్యం ఎత్తుకున్నా సగంలోనే అడ్డం పడుతోంది.

పాటలయ్యాక ఇశ్రాయేలుగారు మైకు సవరించుకున్నారు.

"ప్రియులారా, నేను ఇవాళ ప్రసంగం తగ్గిస్తున్నా. ఎందుకంటే మన మధ్యనే ఒక ప్రసంగం నడుచుకుంటూ తిరుగుతోంది. జబ్బు మనిషివి, వద్దయ్యా అని నేనే చెప్పా. అయినా తీర్మానం మీద నిలబడ్డాడు. అన్నీ బాగున్న మనం టిఫిను మానలేక తంటాలు పడుతున్నాం. కృపారావుగారూ, వచ్చి రెండు మాటలు సాక్ష్యం చెప్పండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మహిమ కూడా తిరిగింది. ఆమె కళ్ళలో వెలుగు చూసి కృపారావుకి గోడలోకి వెళ్ళిపోదామనిపించింది. ఎన్నో ఏళ్ళు టికెట్టు లేనివాణ్ణి బస్సు మధ్యలో లేపి నిలబెట్టిన చెయ్యి తనది. లేచి నిలబడ్డవాడికి ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

అతను మైకు దగ్గరికి చేరేలోపే పుల్లమ్మ లేచింది.

"ఆగండి అయ్యగారూ, ముందు నాదొక మాట. నేనూ తీర్మానం చేసుకున్నా. అంత జబ్బులో మావాడు ఉంటుంటే తిని కూర్చోడానికి నాకేం రోగం అనుకుని, నిన్న పొద్దుట్నించి గంజి చుక్క కూడా ముట్టలా. సాయంత్రం కూడా విడవలా."

"నిన్నట్నించా?" మహిమ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, మరి షుగరు బిళ్ళలు?"

"అవి మానలేదమ్మాయ్. రెండు పూటలా వేసుకుంటన్నా. బిళ్ళలు తిండి కాదుగా."

రెండు మూడు వరసల్లో నవ్వులు లేచాయి. పుల్లమ్మ కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆవిడ కళ్ళు తేలిపోయి, కాళ్ళు వణికి, మహిమ భుజం మీదకి ఒరిగింది. చాప మీద పడుకోబెట్టేసరికి ఒళ్ళంతా చెమట. చేతులు ఐసుముక్కలు.

"చక్కెర పడిపోయింది. ఖాళీ కడుపున బిళ్ళలు వేసింది," అంది మహిమ. "ఎవరన్నా పంచదార నీళ్ళు తెండి. నూటెనిమిదికి ఫోను చెయ్యండి."

అంబులెన్సుకి ఒకరు ఫోను కలిపారు. పాస్టరుగారి ఇల్లు మందిరం వెనకే కాబట్టి పెద్ద స్టీలు గ్లాసు నిండా పంచదార నీళ్ళు క్షణాల్లో వచ్చాయి. మహిమ దాన్ని పెదాల దగ్గర పెట్టింది. పుల్లమ్మ కళ్ళు తెరవకుండానే పళ్ళు బిగించింది.

"తాగండి అత్తమ్మా."

"ఊహూ." పళ్ళ సందుల్లోంచి గాలితోపాటు మాటలొచ్చాయి. "మా కృప ఉపవాసం ఉన్నాడు. నేనూ ఉంటా. వాడి కోసమే."

ఇశ్రాయేలుగారు మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలారు. వరసలో ఆడవాళ్ళు కేకలేశారు. ఆవిడ మొండితనానికి చక్కెర పడిపోవడం లెక్కలోకి రాలేదు. గ్లాసులో నీళ్ళు గడ్డం మీద నుంచి మెడలోకి కారుతున్నాయి.

కృపారావు మైకు ముందే నిలబడి ఉన్నాడు. ఎవరూ అతన్ని చూడటం లేదు. ఇంటికెళ్ళి ఒక్క మహిమకే చెప్పుకోవాల్సిన నిజం ఇక్కడే, ఇప్పుడే, ఇంతమంది ముందు బయటపడాలి. మింగుడుపడని సంగతిని ముందు కక్కాలి. అతను మైకుని నోటికి దగ్గరగా లాక్కున్నాడు.

"అత్తా, తాగు. నాది ఉపవాసం కాదు."

చాప ఈడ్చిన ఆ చప్పుడు స్పీకర్లలోంచి పెద్దగా వచ్చేసరికి మందిరం సద్దుమణిగింది.

"తీర్మానమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. అయ్యగారూ, మన్నించండి. నేను తినలేకపోతున్నా. గొంతు దిగట్లేదు, దిగినా రుచి లేదు, రుచున్నా తినాలని లేదు. ఆ మాట చెప్పలేక దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నా. మహిమ బాధపడుతుందని ఇంట్లో దాచా. మీరంతా మెచ్చుకుంటుంటే మందిరంలో కూడా దాచా. నేను కట్టిన ఉత్త వేషం చూసి మా అత్త నిజంగా కడుపు మాడ్చుకుంది. నాలో ఉంది విశ్వాసం కాదు, దిగులు. డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. మనం నవ్వేసి వచ్చేశాం."

మహిమ చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఆమె అతన్నే చూస్తోంది. కోపం వస్తుందేమోనని అతను ఎదురుచూశాడు. రాలేదు. ఇన్నాళ్ళూ తలుపవతల నుంచి మాట్లాడుతున్న మనిషి ఇవాళ తలుపు తీసినట్టు, ఆమె చూపు అతని మొహం మీద తిరుగుతోంది.

"అంటే దొంగ ఉపవాసమా ఇది?" పుల్లమ్మ కళ్ళు తెరిచింది. గొంతు పీలగా ఉన్నా అందులో అధికారం తగ్గలేదు.

"అవునత్తా. నువ్వు తాగు."

"తాగుతా. ముందు నువ్వు తాగు."

"అత్తా, నువ్వు పడిపోతున్నావు."

"పడితే పడతా. ఎత్తుకుని పెంచినదాన్ని, నువ్వు తాగకుండా నా నోట్లో పొయ్యనివ్వను. మాట్లాడక పట్టుకో ఆ గ్లాసు."

మహిమ లేచి వచ్చి గ్లాసు అతని చేతిలో పెట్టింది. మందిరంలో ఉన్న కళ్ళన్నీ ఆ గ్లాసు వెంటే కదిలాయి. ముందు వరసలో చిన్నపిల్లలు మోకాళ్ళ మీద లేచి మరీ చూస్తున్నారు. కృపారావు గ్లాసుని సగం దాకా ఎత్తి ఆపేశాడు. గొంతు దానంతటదే మూసుకుపోయింది. నందిగామ బంతి మళ్ళీ కళ్ళ ముందు కూర్చుంది. అతను మహిమ వంక చూసి, నా వల్ల కాదన్నట్టు తల ఊపాడు. "చూస్తున్నారు," అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా.

మహిమకి అర్థమవడానికి ఆ ఒక్క మాట చాలింది. మైకు తన వైపు తిప్పుకుంది.

"అందరూ కళ్ళు మూసుకోండి," అంది, బళ్ళో పిల్లలకి చెప్పే గొంతుతో. "ప్రార్థన చేసుకుందాం. నేను ఆమెన్ అనేదాకా ఎవరూ తెరవద్దు."

అందరికంటే ముందు ఇశ్రాయేలుగారు కళ్ళు మూసి తల వంచారు. తర్వాత ముందు వరస, ఆ వెనక వరస, గుమ్మంలో చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళు. పిల్లల కళ్ళ మీద తల్లుల చేతులు పడ్డాయి. అంతమంది మధ్యలో కృపారావు ఒంటరివాడయ్యాడు. మహిమ కూడా కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది. పుల్లమ్మ ఒక్కతే చాప మీద పడుకుని ఒంటికన్ను తెరిచి ఉంచింది.

గ్లాసు అంచు పెదవికి తగిలింది. కృపారావు తల కొంచెం ముందుకి వంచి ఒక గుక్క తీసుకున్నాడు. నీళ్ళు నాలుక మీద నుంచి జారి, గొంతు మొదట్లోకి వెళ్ళి, అక్కడ ఆగాయి. ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. అతని కళ్ళు నీళ్ళతో నిండాయి, చెయ్యి గోడ కోసం వెతికింది. మహిమ ప్రార్థన చివరి మాటల దగ్గరికి వచ్చేస్తోంది.